కూరకుండలో కలిసినది

ధ్యానభాగము: 2 రాజులు 4:38-41



గిల్గాలులో కరవు కాలమున ఒకడు పొలములోనికి పోయి, తానెరుగని అడవి తీగె కాయలను ఒడినిండ కోసికొని వచ్చి కూరకుండలో తరిగి వేసెను. వాడు దుష్టుడు కాడు. ఆకలిగొన్నవారికి పెట్టవలెననియే వేసెను. నోట పెట్టుకొనువరకు అది విషమని యెవరికిని తెలియలేదు.

లాలాపేటలో మా వీధిని ఉదయమున నడచునప్పుడు ఈ కథ మాకు జ్ఞాపకము వచ్చును. టిఫిను బండియొద్ద పొగలు గ్రక్కు సాంబారును పలుచని ప్లాస్టిక్ కవరులో పోయించుకొని, మూతి ముడివేసి, తలిదండ్రులు బిడ్డలకు తీసికొని పోవుచుందురు. ప్రక్కనే తార్నాకలో, 1958లో కూనూరునుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ యున్నది. ఏమి తినవలెనో పరిశోధించు చోటికి ఇంత దగ్గరనుండియు, ఎందులో తినుచున్నామో మనము చూచుట లేదు.

ప్లాస్టిక్కులో కలుపు రసాయనములు కొన్ని వేడికిని నూనెకును ఆహారములోనికి దిగును. బిస్ఫినాల్ ఏ అనునది శరీరములోని హార్మోనువలె నటించును. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు మనుష్యుల రక్తములోనే సన్నని ప్లాస్టిక్ రేణువులను కనుగొనిరి. కలుగు హాని యెంతయో శాస్త్రజ్ఞులు ఇంకను కొలుచుచున్నారు. అంతవరకు పసిబిడ్డల నోటితో పరీక్ష చేయనేల?

ఎలీషా ఆ కుండను పగులగొట్టుమనలేదు, జనులను పస్తు పంపలేదు. ఇంటనున్న పిండిని తెమ్మనెను. మీ యింట ప్లాస్టిక్ బిందె యున్నయెడల సిగ్గుపడకుడి. దూరమునుండి నీళ్లు మోయు తల్లికి అది తేలిక. అయితే ఎండలో నుంచక, త్రాగు నీటిని కుండలోనికో స్టీలు బిందెలోనికో మార్చుడి. వేడి అన్నము, కూర, టీ ప్లాస్టిక్కులో పోయకుడి. నూనెయు ఉప్పును కలిసిన ఊరగాయను జాడీలోనో గాజు సీసాలోనో ఉంచుడి. కాగితపు కప్పు మేలని తలంచెదరేమో, దాని లోపలను సన్నని ప్లాస్టిక్ పూత యుండును! మోదుగాకు విస్తరి మన పెద్దలు విడిచిపోయిన ధనము.

మరియొకటి. పొయ్యి రాజేయుటకు కవరు ముక్కలు వేయు అలవాటు మన పల్లెలలో కలదు. ఆ పొగ ముందుగా చేరునది పొయ్యి యూదు స్త్రీ రొమ్ములోనికే. ఆమె చంకనున్న బిడ్డయు దానినే పీల్చును. ఇది నేడే మానవలెను. కొబ్బరి పీచో ఎండుటాకులో చాలును.

మేమును నిర్దోషులము కాము. కిందటి క్రిస్మసు ప్రేమవిందులో మరుగుచున్న టీని ప్లాస్టిక్ కప్పులలో మేమే పంచితిమి. ఒక అవ్వ తన స్టీలు గ్లాసును చెంగున మూటగట్టుకొని రాగా మాలో కొందరము నవ్వితిమి. ఆమె యేమియు అనక, గ్లాసు చాపి, టీ పోయించుకొని కూర్చుండెను.

ఆ యధ్యాయము మొదటనే ఒక విధవరాలు పొరుగువారియొద్ద పాత్రలు ఎరువు తెచ్చుకొనెను గదా. మా సంఘస్థులును ఇంటికి రెండేసి స్టీలు గ్లాసులు గుడికి ఇచ్చుటకు ఒప్పుకొనిరి. వాటిని కడుగు వంతు మొదట నవ్వినవారిదే.