కడుపునొప్పీ సంశయమూ

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో కడుపు బాధ ఏదైనా జనం దానికి పెట్టుకున్న పేరు దాదాపు ఒకటే: గ్యాసు. రొమ్ములో మంట లేచినా గ్యాసే, తిన్నది అరక్క పొట్ట ఉబ్బినా గ్యాసే, పుల్లటి తేపులు వచ్చినా గ్యాసే. మందుల షాపులో అడిగేదీ గ్యాసు బిళ్లే. ఈ ఒక్క మాట కింద గుర్తులు కలిసి, కారణాలు విడిపోయే జబ్బులు అరడజనుకు పైగా ఉన్నాయి. వాటిలో కొన్ని వాటంతటవే సర్దుకుంటాయి, కొన్ని ప్రాణం తీస్తాయి. గుర్తును పట్టుకుని కారణం దాకా మనిషి ఎలా చేరతాడు, ఆ చేరిక ఎప్పుడు జ్ఞానం అవుతుంది, ఎప్పుడు ఉత్త ఊహగా మిగులుతుంది అన్న ప్రశ్న వైద్యుడిది మాత్రమే కాదు, తార్కికుడిది కూడా.

తర్కానికి మూలగ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు సంశయాన్ని పదహారు పదార్థాల్లో, అంటే తెలుసుకోవాల్సిన విషయాల్లో, ఒకటిగా లెక్కించాయి. వాత్స్యాయన భాష్యంలో దానికి ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధం: మసక వెలుతురులో దూరాన నిలువుగా ఏదో కనిపిస్తుంది. అది మోడా, మనిషా? ఎత్తూ లావూ రెంటికీ సమానమే. సమాన ధర్మం కనిపించి విశేష ధర్మం ఇంకా కనిపించనప్పుడు పుట్టే ఊగిసలాటే సంశయం, విశేషాన్ని కోరుకోవడం దాని లక్షణం. ఈ చివరి మాటలోనే అసలు విషయం ఉంది. సంశయమంటే తెలియకపోవడం కాదు, ఏది కనిపిస్తే చిక్కు విడుతుందో దాని కోసం వెతకడం. చేతులు కనిపిస్తే మనిషి, తొర్ర కనిపిస్తే మోడు. ‘గ్యాసు’ అన్న పేరు చేసే హాని ఇక్కడే మొదలవుతుంది. అది సంశయాన్ని తీర్చదు, పుట్టనివ్వదు.

కడుపు విషయంలో విశేషాలు ఎక్కువగా వేళను బట్టి దొరుకుతాయి. ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నితే మంట రొమ్ము ఎముక వెనక పుట్టి, భోజనం చేసి పడుకున్నప్పుడో ముందుకు వంగినప్పుడో పైకి పాకుతుంది. చిన్నపేగు మొదట్లో పుండు ఉంటే నొప్పి ఖాళీ కడుపుతో, తరచుగా అర్ధరాత్రి దాటాక లేపుతుంది, నాలుగు ముద్దలు పడితే తగ్గుతుంది. పుండు జీర్ణాశయంలోనే ఉంటే తినడమే నొప్పిని రేపవచ్చు. మాధవకరుడి నిదాన గ్రంథం ఆహారం అరిగే వేళ పుట్టే శూలకు పరిణామశూల అని వేరే పేరు పెట్టింది. నేటి పుండూ నాటి పరిణామశూలా ఒకటేనని అనడం తొందరపాటే గాని, వేళను విశేషంగా పట్టుకున్న ఆ చూపు మాత్రం సరైనది. పిత్తాశయంలో రాయి ఉన్నప్పుడు నూనె ఎక్కువైన భోజనం తరువాత కుడి డొక్క పైభాగంలో పోటు మొదలై, అర గంట నుంచి కొన్ని గంటలు నిలిచి, కుడి భుజం వెనక్కి పాకుతుంది. క్లోమం వాచితే నొప్పి వీపులోకి దూసుకుపోయి, ముందుకు వంగి కూర్చుంటే కాస్త నెమ్మదిస్తుంది. ఐబీఎస్ అనే పేగుల అస్తవ్యస్తతలో నొప్పికి ముడి భోజనంతో కన్నా విరేచనంతో గట్టిగా ఉంటుంది. పాలు తాగిన గంట రెండు గంటల్లో పొట్ట ఉబ్బి విరేచనాలై, అదే మనిషికి పెరుగు పడుతుంటే, పాలలోని లాక్టోజ్ అరగడం లేదని అనుమానించాలి. దక్షిణాదిలో పెద్దవాళ్లలో ఇది సాధారణం.

ఇవన్నీ సూచించే విశేషాలు, నిర్ధారించేవి కావు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఈ తేడాను విప్పే పనిముట్టును చేతికిస్తుంది. పొగ ఉంటే నిప్పు ఉందనవచ్చు, నిప్పు ఉంటే పొగ ఉందనకూడదు. ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పే గాని పొగ లేదు. నిప్పు పొగను ఇవ్వాలంటే పచ్చి కట్టె తోడవ్వాలి. ఆ తోడుకు ‘ఉపాధి’ అని పేరు. జీర్ణాశయపు పుండ్ల చరిత్ర మొత్తం ఈ ఉదాహరణలో ఇమిడిపోతుంది. హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియాను 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ పెంచి చూపారు. 1984లో మార్షల్ దాన్ని స్వయంగా తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పుండుకు కారణం కారమూ కంగారూ అన్న పాత నమ్మకం అలా కదిలింది. అయితే ప్రపంచ జనాభాలో సుమారు సగం మంది కడుపులో ఈ బ్యాక్టీరియా ఉందని అంచనా, పుండు పడేది వారిలో కొద్దిమందికే. కాబట్టి పరీక్షలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన కడుపునొప్పికి అదే కారణమని తేలదు. నిప్పు దొరికింది, పచ్చి కట్టె సంగతి ఇంకా చూడాలి.

కనిపించకపోవడం కూడా ఒక సాక్ష్యమే, కాని దానికీ ఒక షరతు ఉంది. వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనిపించేది అన్న చోట మాత్రమే, కనిపించకపోతే లేదని అనాలి. ‘ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు’ అనే మాటను ఈ షరతుతో తూచాలి. ఆ గొట్టం అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదలు వరకే చూస్తుంది. అక్కడ పుండు లేదని చెప్పే అధికారం దానికి ఉంది. పిత్తాశయంలో రాయి లేదని, పేగు చివర క్షయ లేదని చెప్పే అధికారం లేదు.

ఇక నొప్పికి సాక్షి ఎవరు? సుఖదుఃఖాలు మనస్సుకు ప్రత్యక్షమని న్యాయదర్శనం అంటుంది. నొప్పి ఉందన్న విషయంలో రోగి పొరబడడు. పొరపాటు ప్రవేశించేది ఎక్కడ, ఎందుకు అన్న చోట. గుండెపోటు నొప్పి పైకడుపులో మంటగా తోచవచ్చు, ముఖ్యంగా ఆడవాళ్లకు, చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు. చెమట, ఆయాసం తోడైన ‘గ్యాసు నొప్పి’తో పొద్దు గడపడం ప్రమాదం. నొప్పికి కారణం నొప్పిలా నేరుగా తెలిసేది కాదు. భగవద్గీత 15వ అధ్యాయం జఠరాగ్నిని ప్రాణుల దేహాల్లో అన్నాన్ని పచనం చేసే వైశ్వానరుడిగా, ఈశ్వర రూపంగా చెబుతుంది. అంత పూజ్యమైన అగ్ని కూడా ఎవరికీ కంటికి కనిపించదు. చరక సంహితలోని విమానస్థానం అనే భాగం దాన్ని అరిగించుకునే శక్తిని బట్టి అనుమానంతోనే, అంటే గుర్తు నుంచి తర్కించే, తెలుసుకోమంటుంది.

గుర్తులు మరుగున పడిన జబ్బును ఉపశయ, అనుపశయాలతో పరీక్షించాలని అదే విమానస్థానం చెబుతుంది. అంటే మందు గాని ఆహారం గాని ఇచ్చి, పడిందా పడలేదా అని చూడటం. ఇది పాతకాలపు పద్ధతి అనుకోనక్కర్లేదు. పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి రెండూ నొప్పి, విరేచనాలు, బరువు తగ్గడంతో వస్తాయి. పేగు ముక్క తీసి చూసినా కొన్నిసార్లు తేలవు. అప్పుడు భారతీయ వైద్యులు క్షయ మందులు మొదలుపెట్టి, పేగు పుండ్లు మానుతున్నాయా అని మళ్లీ చూస్తారు. ఇక్కడ ఉపశయం గౌరవం నిలబడటానికి కారణం, ఫలితాన్ని రోగి మాటతో ఆపకుండా కంటితో చూడటం. గ్యాసు బిళ్ల విషయంలో జరిగేది వేరు. ఆమ్లాన్ని తగ్గించే మందు పుండుకూ ఉపశమనమే, ఎగదన్నే మంటకూ ఉపశమనమే, జీర్ణాశయ క్యాన్సర్ తొలి దశలోని బాధకూ కొన్నాళ్లు ఉపశమనమే. పలు కారణాలకు సమానమైన ఉపశమనం ఏ ఒక్కదానికీ హేతువు కాజాలదు. మరికొన్ని విశేషాలు ఏ జబ్బో తేల్చకపోయినా ఆగకూడదని తేలుస్తాయి: నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి, ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, సాయంత్రపు జ్వరం, వయసు మళ్లాక తొలిసారి మొదలైన అజీర్తి.

జబ్బు కర్మఫలం అనే మాట కూడా ఇక్కడ వస్తుంది. మార్కాపురం చెన్నకేశవస్వామికి మొక్కుకోవడానికీ పరీక్షకు వెళ్లడానికీ విరోధం లేదు. కనిపించే కారణం చాలిన చోట కనిపించనిదాన్ని కల్పించకూడదని శాస్త్రకారులే నియమం పెట్టారు. అయితే ‘కనిపించేది’ అంటే ఎంతవరకు అన్నదాన్ని ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి నేల గట్టిగా పరీక్షించింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను, అంటే తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును, వెల్లడించారు. దేశంలో ఆ జబ్బు గురించిన తొలి నివేదికల్లో అదొకటి. తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లావే. రాళ్లలోంచి కరిగి బోరునీళ్లలో చేరే ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, జనం తాగే మోతాదులో రుచీ లేదు. నీళ్లు కాచితే అది పోదు, ఆవిరైన మేర ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు ఒప్పవచ్చని భారతీయ ప్రమాణం.

ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలనే కాక కడుపునూ తాకుతుంది. జీర్ణాశయపు ఆమ్లంతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమై లోపలి పొరను రేపుతుంది. వికారం, ఉబ్బరం, నొప్పి వస్తాయి, మళ్లీ అదే గ్యాసు. ఇదే నీరు మరో దారిలోనూ కడుపును చేరగలదు. అది తెచ్చే ఎముకల నొప్పులకు ఏళ్ల తరబడి మింగే నొప్పి బిళ్లలు జీర్ణాశయంలో పుండు పుట్టించవచ్చు. మొదటిదానికి మందు నీరు మార్చడం, రెండోదానికి నీరు మార్చడం ఒక్కటే చాలదు, బిళ్లలు ఆపి పుండును మాన్పాలి.

ఇక్కడ విశేషం ఒక్క రోగిలో దొరకదు, ఇంట్లో, వీధిలో వెతకాలి. ఒకే బోరునీళ్లు తాగేవాళ్లలో పలువురికి అదే బాధ ఉందా, ఆ నీళ్లతో పెరిగిన పిల్లల పళ్లపై గార మచ్చలున్నాయా, నీటి పరీక్షలో అంకె ఎంత వచ్చింది అని చూడాలి. ఉన్నచోట ఉండటం అన్వయం, లేనిచోట లేకపోవడం వ్యతిరేకం. సురక్షితమైన నీటికి మారిన కొన్ని వారాల్లో బాధ తగ్గి, పాత నీటికి వెళ్తే తిరగబెడితే రెండూ కలిసినట్టే. మారినా తగ్గకపోతే ఫ్లోరైడ్ ఊరన్న పేరు కూడా మరో ‘గ్యాసు’ కాకూడదు. పుండా, రాయా, క్షయా అన్న సంశయాన్ని ఆ మనిషి విషయంలో మళ్లీ మొదటి నుంచి తెరవాలి.