ఒక మెట్టు దిగితే

వాక్యభాగం: 1 దినవృత్తాంతములు 25:1–8; ఫిలిప్పీయులకు 2:5–8

బిలాస్‌పూర్‌లోని కోనిలో, మన తెలుగు సంఘంలో, ఒక ఆదివారం మొదటి కీర్తన నాలుగు శ్రుతిలో ఎత్తుకున్నారు. క్వయర్‌లో ఆడపిల్లలకు ఆ శ్రుతి హాయి. పల్లవి ఖంగుమని మోగింది. చరణంలో పాట పైకి వెళ్లేసరికి ముందు వరుసలో కూర్చున్న మామ్మలు ఒక్కొక్కరే ఆగిపోయారు. పెదవులు కదులుతున్నాయి, గొంతు అందడం లేదు. హార్మోనియం దగ్గరున్న పెద్దాయన తలెత్తి అటు చూశారు. చరణం ముగియగానే వరస వాయించడం ఆపేసి, ఎడమచేత్తో తిత్తి ఆడిస్తూనే, కుడిచేత్తో రెండు శ్రుతిలో షడ్జం నొక్కి పట్టుకున్నారు. ఢోలక్ వాయించే అబ్బాయి చెయ్యి ఆపాడు. పిల్లలు ఒక్క క్షణం తడబడి కొత్త శ్రుతిలో పల్లవి అందుకున్నారు. ఈసారి ముందు వరుసలోంచి కూడా గొంతులు లేచాయి. వణికాయి, కాస్త వెనకబడ్డాయి, అయినా నిండుగా ఉన్నాయి.

ఆ దిగిన శ్రుతిలో పిల్లల గొంతుల్లో మెరుపు తగ్గింది. వారమంతా సాధన చేసుకొచ్చిన పైస్థాయి సంగతి అనుకున్నట్టు పలకలేదు. అలా అవుతుందని పెద్దాయనకు తెలుసు. తెలిసే దిగారు. హార్మోనియం మీద వేళ్లతో నొక్కేవాటిని మనం మెట్లు అంటాం. ఇంట్లో మాట పట్టింపు వచ్చినప్పుడు కూడా, ‘నువ్వే ఒక మెట్టు దిగరాదూ’ అంటాం. ఆ రోజు ఆ రెండూ ఒకటే అయ్యాయి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. ఆ కీర్తనకారుల్లో ఒకరైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టారు. ఆయన కట్టిన కీర్తనలు ఇన్ని తరాల తరువాత కూడా మనం పాడుకోగలుగుతున్నామంటే, రాగతాళాలు చెదరకుండా చేతులు మారుతూ రావడం వల్లనే. శ్రుతి మాత్రం పుస్తకంలో ఉండదు. ఆ ఉదయం ఎవరు వచ్చారో చూసి నిర్ణయించుకోవలసినది అది. జలుబు చేసినవాళ్లున్నారా, ముసలివాళ్లు ఎక్కువ ఉన్నారా, నైట్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా నేరుగా ఆరాధనకు వచ్చినవాళ్లున్నారా? పాట నడిపించేవారు పుస్తకం చూడడానికి ముందు మనుషుల ముఖాలు చూడాలి.

మన ఊరిలాంటి చోట ఆ చూపు మరీ అవసరం. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడిన తరువాత, ఆ పట్టాల వెంట పని వెతుక్కుంటూ తెలుగు కుటుంబాలు ఇటు వచ్చాయి. ఇప్పుడు బిలాస్‌పూర్ ఒక రైల్వే జోన్‌కే కేంద్రం. పెద్దవాళ్లకు కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇంటికి వెళ్తున్నట్టు. పిల్లలకు ఇల్లంటే అర్పా నది పక్కన ఉన్న ఈ ఊరే. వాళ్లు బడిలో చదివేది హిందీ, వీధిలో ఆడుకునేది ఛత్తీస్‌గఢీలో. తెలుగు కీర్తనను హిందీ అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకుని పాడే పిల్లలు మన క్వయర్‌లో ఉన్నారు. ఆ రాతలో ‘ళ’ కాస్తా ‘ల’ అయిపోతుంది. పాట నేర్పే అక్క ఆ మాట దగ్గర ఆగి, నాలుక ఎక్కడ మడవాలో తన నోటితో చూపించి, మళ్లీ పాడిస్తుంది. విసుక్కోదు. ఆమె నేర్పేది స్వరం ఒక్కటే కాదు, మామ్మ ప్రార్థన మనవరాలికి అర్థమయ్యే దారి కూడా.

ఈ సేవను వాక్యం ఎంత శ్రద్ధగా లెక్కపెట్టిందో చూడండి. దావీదు ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాలను సంగీతసేవకు ప్రత్యేకించాడు. ఒక్కో వంతుకు 12 మంది చొప్పున 24 వంతులు, మొత్తం 288 మంది. వంతు అంటే ఏమిటో రైల్వే ఇళ్లలో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. నీ పేరు పడిన వేళకు నువ్వు ఉండాలి, నువ్వు దిగే వేళకు ఇంకొకరు అందుకోవాలి. ఆ 288 మందీ నేర్పరులే. అయినా వంతులకు చీట్లు వేసినప్పుడు పిన్నా పెద్దా తేడా చూడలేదు. గురువు చీటీ, శిష్యుడి చీటీ ఒకే చోట పడ్డాయి. నేర్పు ఉన్నవాడికి దేవుని మందిరంలో దొరికిన గౌరవం అదే: నేర్చుకుంటున్నవాడి పక్కన నిలబడడం.

మన ప్రభువు చేసింది కూడా ఇదే కదా. ఆయన మహిమ మన గొంతుకు అందే ఎత్తు కాదు. మనం అందుకోలేక ఆగిపోతే ఆయన మనల్ని వదిలి పాడుకుంటూ వెళ్లిపోలేదు. నజరేతులో వడ్రంగి ఇంటికి దిగి వచ్చాడు. జాలరుల పక్కన కూర్చుని వాళ్లకు తెలిసిన వలల గురించి, విత్తనాల గురించి, పులిసిన పిండి గురించి మాట్లాడాడు. సిలువ దాకా దిగాడు. శ్రుతి తగ్గింది, రాగం మారలేదు. ఆయన పరిశుద్ధతలో ఒక్క స్వరం కూడా తప్పలేదు. అందుకే ఇవాళ మనలాంటివాళ్లం కూడా ఆయన పాటలో గొంతు కలపగలుగుతున్నాం.

ఈ రోజు మన ఇంట్లో ఎవరు పెదవులు మాత్రం కదుపుతున్నారో చూద్దాం. కుటుంబ ప్రార్థనలో మన పెద్దపెద్ద మాటలు అందక చిన్నవాడు ఊరుకుంటున్నాడేమో. మన వేగం అందక అత్తగారు పక్కకు తప్పుకుంటున్నారేమో. ఒక మెట్టు దిగుదాం. మనకు బాగా వచ్చిన సంగతి ఒకటి పోతే పోనీ. ఇంకొకరి గొంతు లేస్తుంది.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక హార్మోనియం మూత వేసే ఆ చేతుల దగ్గరకు వెళ్లి ఒక మంచి మాట చెబుదాం. వాళ్లు మనకంటే ముందొచ్చి, మనందరం వెళ్లాక పుస్తకాలు సర్ది ఇంటికి వెళ్తారు. ఎన్నో ఆదివారాలు మనం తేలిగ్గా పాడగలిగామంటే, మనకోసం వాళ్లు నిశ్శబ్దంగా శ్రుతి సరిచూసి ఉంచారన్నమాట.

ప్రార్థన: ప్రభువా, మా గొంతు అందే చోటికి దిగివచ్చినందుకు నీకు స్తోత్రం. మా సంఘంలో పాట నడిపించేవారి చేతులకు బలం, గొంతుకు ఆరోగ్యం, మనసుకు ఓర్పు దయచెయ్యి. పాట నేర్చుకునే పిల్లలను దీవించు. మా పక్కన ఆగిపోయిన గొంతును వినే చెవి మాకివ్వు. యేసు నామమున, ఆమేన్.

నేటి తలంపు: నా శ్రుతి ఎవరికి అందడం లేదు?