గోడమీది గుర్తు



పల్స్ పోలియో ఆదివారం గడిచాక ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు సుద్దముక్కతో గోడమీద ఒక గుర్తు వేసి పోవడం మీరు చూసే ఉంటారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటికి 'పి'. ఎవరైనా మిగిలినా, ఇంటికి తాళం ఉన్నా 'ఎక్స్'. 1995లో మొదలైన ఈ కార్యక్రమం ఎంత బాగా సాగిందని అడిగితే మనం 'పి' గుర్తులే లెక్కపెడతాము. నా చూపు మాత్రం 'ఎక్స్' దగ్గరే ఆగిపోతుంది.

చెంగిచెర్లనే తీసుకొందాము. ఒకప్పుడు ఘట్‌కేసర్ మండలంలో ఒక పల్లె. 2016లో దాని జిల్లాయే మారిపోయింది. పొలాలు ప్లాట్లయ్యాయి, అద్దె గదులు లేచాయి. కట్టుబడి పనికి వచ్చిన కుటుంబం పని ముగియగానే గుడిసె విప్పుకొని మరోచోటికి పోతుంది. ఇటువంటి చోట 'నూటికి ఇంతమందికి మందు అందింది' అంటే, ఆ నూరుమంది ఎవరు? జాబితా రాసిననాడు ఉన్నవారా, చుక్కలు వేసిననాడు ఉన్నవారా? జాబితాకే ఎక్కని బిడ్డ, తప్పిపోయిన బిడ్డగా కూడా లెక్కలోకి రాదు. ఎవరూ అబద్ధమాడకుండానే లెక్క అబద్ధమవుతుంది.

మురుగునీటికి జాబితాలతో పనిలేదు. 2014 మార్చిలో మనదేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందింది. రెండేళ్లు తిరిగాక, 2016 జూన్‌లో, ఉప్పల్‌కు పడమట ఉన్న అంబర్‌పేట మురుగునీటిలో రెండవ రకం పోలియో వైరస్ ఉన్నట్లు తేలింది. పాత వైరస్ కాదది; చుక్కల మందులోని బలహీనమైన వైరసే మార్పుచెంది అలా అయింది. ఆ రకాన్ని చుక్కల మందులోనుండి తీసివేసినది ఆ ఏప్రిల్‌లోనే. ఒక్క బిడ్డకూ జబ్బు కనబడలేదు. అయినా సంగతి బయటపెట్టి, హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షలమంది పిల్లలకు సూదిమందు టీకా వేయ తలపెట్టారు. దీన్ని కార్యక్రమపు ఓటమి అనవచ్చునా? నేననను. తన తప్పు బయటపడగల చోటనే వెదకిన కార్యక్రమాన్ని, ధ్రువపత్రం గోడకు తగిలించి ఊరుకొన్నదానికంటే ఎక్కువ నమ్ముతాను.

అయితే మురుగునీరు కూడా అందరి మాటా చెప్పదు. 2020 ఆగస్టులో హబ్సిగూడలోని సీసీఎంబీ, తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటి నమూనాలను పరీక్షించి, నగరంలో సుమారు 6.6 లక్షలమందికి కరోనా సోకి ఉంటుందని అంచనా కట్టారు. పరీక్షల్లో తేలిన కేసులకంటే అది ఎన్నోరెట్లు ఎక్కువ. కాని అప్పుడు శుద్ధికేంద్రాలకు చేరుతున్నది నగరపు మురుగులో నూటికి 40 వంతులే. తక్కినదంతా గుణించి కట్టిన లెక్క. కాలువకు కలపని సెప్టిక్ ట్యాంకు ఇల్లు ఇక్కడా వెలుపలే ఉండిపోయింది. శివారు ఊళ్లలో అటువంటి ఇళ్లెన్నో!

అందుకే మళ్లీ ఆ 'ఎక్స్' గుర్తు దగ్గరికే వస్తాను. తాళం వేసిన ఇంటికి కార్యకర్త సాయంత్రం మళ్లీ వచ్చి, ముందుగా పక్కింటివారినే అడుగుతుంది. ఆ గదిలో ఉన్నవాళ్లు ఏ వేళకు వస్తారో, వాళ్లకు పిల్లలెందరో మనకు తెలుసునా?