పూజలు ఆగిన చోట పవిత్రత మిగులుతుందా?

టర్కీ దక్షిణ తీరంలోని అంతల్యా నుంచి ఒక్క రోజులో చూసొచ్చే యాత్రల్లో బాగా పేరున్నది డెమ్రె యాత్ర. పొద్దున్నే బయల్దేరిన బస్సు మధ్యధరా సముద్రాన్ని ఎడమ చేతికి పెట్టుకుని సుమారు 140 కిలోమీటర్లు నడుస్తుంది. టమాటా తోటల గ్రీన్‌హౌస్‌ల మధ్య ఉన్న ఆ చిన్న పట్టణంలో ముందు పాత మైరా నగరపు కొండకు తొలిచిన ప్రాచీన లిసియన్ల రాతి సమాధులు, తర్వాత సెయింట్ నికోలస్ చర్చి చూపిస్తారు. మధ్యాహ్నం పడవెక్కితే కెకోవా దగ్గర భూకంపాలకు నీట మునిగిన పాత ఊరి గోడలు కనిపిస్తాయి. చీకటి పడేసరికి అందరూ హోటలు చేరతారు.

ఆ చర్చిలో ఒక పాలరాతి శవపేటిక ఉంది. రష్యా నుంచి వచ్చిన స్త్రీలు తలపై గుడ్డ కప్పుకుని దాని ముందు మోకరిల్లుతారు, కళ్లు మూసుకుని ప్రార్థిస్తారు. వాళ్ల వెనకే బీచ్ దుస్తుల్లో వచ్చిన కుటుంబం ఫోటో కోసం వంతు చూస్తూ ఉంటుంది. ఇద్దరూ కొన్నది ఒకే టికెట్టు. ఎందుకంటే ప్రభుత్వ లెక్కలో అది మ్యూజియం. పైగా ఆ పేటికలో ఎవరూ లేరు. నాలుగో శతాబ్దంలో మైరాకు బిషప్‌గా ఉన్న నికోలస్ అస్థికలను 1087లో ఇటలీలోని బారి నగరపు నావికులు ఎత్తుకుపోయారు. అవి నేటికీ బారిలోనే, ఆయన పేరిట కట్టిన బాసిలికాలో ఉన్నాయి.

మరి ఆ స్త్రీలు దేనికి మొక్కుతున్నారు? పవిత్రత స్థలంలో ఉందంటే ఫోటో దిగే కుటుంబం కూడా అక్కడ తల వంచాలి. మొక్కేవాళ్ల మనసులోనే ఉందంటే అంతదూరం విమానమెక్కి రావలసిన పనే లేదు, ఇంట్లో కూర్చుని తలచుకున్నా చాలు. విహారయాత్రికుల తీరంగా పేరుబడ్డ ఈ నేల మీద ఈ ప్రశ్న అడుగడుగునా ఎదురవుతుంది.

డెమ్రె దాటి పడమటికి వెళ్తే పతారా వస్తుంది. నికోలస్ పుట్టిన ఊరని సంప్రదాయం చెప్పేది దీన్నే. ఆయనకు చాలా ముందు అది అపోలో దేవుడి ప్రశ్నాస్థానం. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ దాని గురించి ఒక విశేషం రాశాడు: అక్కడ సోదె అన్ని వేళలా ఉండదట. ఉన్న రోజుల్లో మాత్రం సోదె చెప్పే పూజారిణిని రాత్రివేళ గుడిలో ఉంచి తలుపులు మూస్తారట. అపోలో చలికాలం పతారాలోనూ వేసవి డెలోస్ ద్వీపంలోనూ గడుపుతాడని ఆ కాలపు జనం నమ్మేవారు.

తెలుగు పాఠకుడికి ఇది కొత్తగా తోచదు. బదరీనాథ్ గుడి తలుపులు చలికాలం మూతపడతాయి, ఉత్సవమూర్తులు కిందికి దిగివస్తాయి. అంతదాకా ఎందుకు, వినాయక చవితినాడు మట్టి బొమ్మలోకి దేవుణ్ణి ఆవాహన చేసి, పూజలయ్యాక ఉద్వాసన చెప్పి, ఆ బొమ్మను కాస్త కదిలించడం ప్రతి ఇంటా తెలిసిందే. దేవుడు పిలిస్తే వస్తాడు, సాగనంపితే వెళ్తాడు. వచ్చినంతకాలం ఆయన్ను చూసుకోవడానికి మనిషి ఉండాలి. మోకరిల్లిన భక్తురాలికీ ఫోటో దిగిన కుటుంబానికీ మధ్య చిక్కుకున్న ప్రశ్నకు ఈ ఆచారంలో సగం జవాబుంది.

మిగతా సగం యనార్తాష్ కొండ మీద దొరుకుతుంది. అంతల్యాకు దక్షిణంగా, పాత ఒలింపోస్ నగర శిథిలాలకు దగ్గర్లో ఉంది ఆ కొండ. అక్కడ రాళ్ల సందుల్లోంచి సహజవాయువు పైకి వచ్చి, రాత్రీ పగలూ మండుతుంది. వేల ఏళ్లుగా మండుతున్న మంట ఇది. నిప్పులు కక్కే కైమేరా అనే వింతజంతువు గ్రీకు కథను ఈ చోటికే ముడిపెడతారు. మంటల పక్కన గ్రీకుల అగ్నిదేవుడు హెఫెస్టస్ గుడి శిథిలాలున్నాయి, ఆ తర్వాత కాలపు క్రైస్తవ ప్రార్థనా మందిరం గోడలూ ఉన్నాయి. ఇప్పుడు సాయంత్రం పూట టార్చిలైట్లు పట్టుకుని ఎక్కే పర్యాటకుల్లో ఆ మంట మీద టీ కాచుకునేవాళ్లూ కనిపిస్తారు.

హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాలో, జ్వాలాముఖి గుడిలో వెలిగేది కూడా రాతి పగుళ్లలోంచి వచ్చే సహజవాయువే. అష్టాదశ శక్తిపీఠాల యాత్ర చేసే తెలుగువారు అక్కడికి వెళ్తారు. ఆ జ్వాల మీద టీ కాచాలన్న ఊహ ఎవరికీ రాదు. వాయువూ ఒకటే, మంటా ఒకటే. ఒకచోట వేళకు హారతి ఇచ్చేవాళ్లున్నారు, నైవేద్యం పెట్టేవాళ్లున్నారు, వరసగా తరాలున్నాయి. రెండోచోట ఆ వరస తెగిపోయింది. జ్వాలాముఖి అమ్మవారు స్వయంభువనీ మనుషులు తెచ్చిపెట్టింది కాదనీ భక్తులు అంటారు. ఆ మాటను కాదనాల్సిన అవసరం లేదు. తనంత తాను వెలసిన దేవతకైనా సేవ తప్పకూడదనే కదా అక్కడ పూజారులున్నది. ఈ వ్యాసం పట్టుకున్న మాట అదే: పవిత్రతను రాయి ఒక్కటీ నిలపలేదు, ఒంటరి మనసూ నిలపలేదు. రోజూ తలుపు తీసి దీపం పెట్టే మనుషుల వరస దాన్ని నిలుపుతుంది.

ఆ వరస దానంతటది తెగిందా, ఎవరైనా తెంచారా అన్నది ఇంకో ప్రశ్న. విహారయాత్రల కరపత్రాలు అడగని ప్రశ్న ఇది.

ఫెతియే పట్టణానికి దగ్గర్లో కయాకోయ్ ఉంది. కొండవాలు నిండా రాతి ఇళ్లు. పైకప్పుల్లేవు, తలుపుల్లేవు. వాటి మధ్య రెండు పెద్ద చర్చిలు, అనేక చిన్న ప్రార్థనా మందిరాలు. ‘దెయ్యాల ఊరు’ అని పేరుపెట్టి టూరిస్టులకు చూపిస్తారు. అక్కడ దెయ్యాలేమీ లేవు. అది లెవిస్సి అనే పేరుతో గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులు బతికిన ఊరు. 1923 జనవరిలో లోసాన్‌లో గ్రీసు, టర్కీ ఒక ఒప్పందం చేసుకున్నాయి. కొన్ని మినహాయింపులు తప్ప, టర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు టర్కీకి వెళ్లిపోవాలి. మతమే కొలమానం, మాట్లాడే భాషతో పనిలేదు. రెండు దేశాల మధ్య యుద్ధంలో ముందే పారిపోయినవాళ్లతో కలిపి సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు, 4 లక్షల మంది వరకు ముస్లింలు పుట్టిన నేలకు దూరమయ్యారు. ఫెతియేకు పాత పేరు మాక్రి. ఆ ప్రాంతం వదిలివెళ్లినవాళ్లు ఏథెన్స్ సమీపాన నియా మాక్రి, అంటే కొత్త మాక్రి అనే ఊరు కట్టుకున్నారు. 1957 భూకంపం లెవిస్సిలో మిగిలిన గోడల్ని ఇంకొంత కూల్చింది.

ఇలాంటి చోట నిలబడి ‘ఎంత ప్రశాంతంగా ఉందో’ అనడం అన్యాయం. ఆ నిశ్శబ్దం దానికదే వచ్చింది కాదు, సంతకాలు చేసి తెచ్చింది. అక్కడ దేవుడికి ఎవరూ తమంతట తాము ఉద్వాసన చెప్పలేదు.

అంతల్యా పాతబస్తీలోని కేసిక్ మినారె కథ దీనికి భిన్నం. రోమన్ల కాలపు కట్టడం మీద బైజాంటైన్ చర్చి లేచింది. సెల్జుక్‌ల కాలంలో అది మసీదైంది. 1361లో నగరాన్ని సైప్రస్ రాజు పట్టుకున్నాక మళ్లీ చర్చి, ఆటోమాన్‌ల చేతిలో మళ్లీ మసీదు. 1896 అగ్నిప్రమాదంలో కాలిపోయి, శతాబ్దానికి పైగా కప్పులేని శిథిలంగా పడి ఉంది. ఇటీవలే బాగుచేసి మళ్లీ నమాజుకు తెరిచారు. దాన్ని శిథిలంగానే ఉంచి ఉంటే నాలుగు కాలాలూ ఒకేచోట కనిపించేవన్న వాదనలో బలముంది. ప్రార్థన తిరిగి రావడమూ మంచిదే. అయితే గోడలోని పాత శిల్పాల ముక్కల్ని దాచకుండా చూపినంతవరకే దాన్ని మంచి అనాలి.

తెలుగు నేల మీదా ఇలాంటి చోటుంది. నాగార్జునకొండ మహాచైత్యంలో 1920ల తవ్వకాల్లో దొరికిన ధాతువు సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి చేరింది. ఆ లోయ తర్వాత నాగార్జునసాగర్ నీళ్లకింద మునిగింది. కొన్ని కట్టడాలను ఎత్తుకొచ్చి కొండ మీద తిరిగి అమర్చారు. ఇప్పుడు లాంచీలో వెళ్లి, చూసి, సాయంత్రానికి తిరిగొస్తారు. ఇక్ష్వాకుల ఇంటి ఆడవాళ్లు అక్కడి బౌద్ధ ఆరామాలకు చేసిన దానాల శాసనాలను నిలబడి చదివేవాళ్లు మాత్రం తక్కువ.

ఇక డెమ్రెలో కొన్ని మార్పులు మంచికే వచ్చాయి, కొన్ని కాదు. రష్యా నుంచి వచ్చిన నికోలస్ కంచు విగ్రహాన్ని 2005లో చౌరస్తా నుంచి తీసేసి, ఆయన కథ నుంచే పుట్టిన ఎర్ర దుస్తుల శాంతాక్లాజ్ బొమ్మను పెట్టారు. మైరా బిషప్‌ను ఆయన సొంత ఊళ్లోనే వ్యాపార బొమ్మ కిందికి మార్చడం చిన్నతప్పు కాదు. మరోవైపు, ఆయన స్మృతిదినమైన డిసెంబరు 6న ప్రభుత్వ అనుమతితో ఆర్థడాక్స్ పూజారులు ఆ చర్చిలో ఆరాధన జరిపిన సంవత్సరాలున్నాయి. ఆ రోజున మ్యూజియం మళ్లీ గుడి అవుతుంది.

పెళ్లిళ్లకో సెలవులకో అంతల్యా వెళ్లే తెలుగువాళ్లున్నారు. వెళ్లినప్పుడు సముద్రంలో ఈదండి, కెకోవా పడవా ఎక్కండి. ఏ గుడి, ఏ చర్చి, ఏ మసీదు మెట్లెక్కినా గైడును రెండు మాటలు అడగండి: ఇక్కడ మొక్కినవాళ్లు ఎవరు, ఇప్పుడు వాళ్లెక్కడున్నారు? జవాబు వచ్చాకే ఫోటో తీసుకోండి.