డోలు చేసిన పాపమేమిటి?

సువార్త చెప్పే హక్కు ఉందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. రాజ్యాంగం 25వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. నచ్చిన దేవుణ్ణి మొక్కే హక్కు కోయవాడికీ ఉంది. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదు కూడా. నేనడిగేది వేరు. మన గూడేల్లో ఇవాళ సాగుతున్న ప్రచారం బైబిలు చూపిన దారిలోనే నడుస్తోందా?

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చదవండి. యూదులు కానివాళ్లు క్రీస్తును నమ్మితే సున్నతి చేయించుకోవాలా అని పెద్ద తగవు వచ్చింది. అక్కర్లేదని యెరూషలేములో పెద్దలు తీర్మానించారు. అంటే గ్రీకువాడు గ్రీకువాడిగానే ఉండి క్రైస్తవుడు కావచ్చు. మరి కోయవాడో? చాలాచోట్ల బాప్తిస్మం అయిన మర్నాటికే పేరు మారాలి, పాట మారాలి, డోలు అటకెక్కాలి. కొమ్ముల నాట్యం సైతాను పని అంటారు. 150వ కీర్తన దేవుణ్ణి వాద్యాలతో, నాట్యంతో స్తుతించమంటుంది. కీబోర్డు పవిత్రం, డోలు అపవిత్రం అని ఏ అధ్యాయంలో ఉందో వాళ్లే చూపాలి.

భాష సంగతీ అంతే. పెంతెకొస్తు నాడు జనం ఎవరి భాషలో వాళ్లు విన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ కోయల గురించి, కోయ భాష గురించి రాశాడు. ఆయన రాసిందంతా మనకు నచ్చనక్కర్లేదు. కానీ నేను విన్న సభల్లో మైకులో తెలుగే మోగింది. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలకు ఏం అర్థమైందో!

ఇక స్వస్థత సభలు, కానుకలు. యేసు శిష్యులను పంపుతూ ప్రతిఫలం లేకుండా రోగుల్ని బాగుచేయమన్నాడు. డబ్బిచ్చి పరిశుద్ధాత్మను ఇచ్చే శక్తి కొనబోయిన సీమోనును పేతురు గట్టిగా మందలించాడు. సువార్త రాసిన లూకా వైద్యుడే. చలిజ్వరంతో వణికే పిల్లను పీహెచ్‌సీకి పోనివ్వని బోధకుడు ఎవరి శిష్యుడు? (మన వడ్డెలనూ ఇదే అడగాలి.)

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ యెరూషలేము తీర్మానమే విగ్రహాలకు అర్పించినవి తినవద్దంది. కాబట్టి భూమి పండుగ బలిమాంసం తిననన్న తమ్ముణ్ణి తప్పుపట్టలేం. అయితే మాంసం ముట్టకపోవడం వేరు, అన్న గుమ్మం తొక్కకపోవడం వేరు. విశ్వాసి కానివాడు భోజనానికి పిలిస్తే వెళ్లవచ్చన్నాడు పౌలు. ఏడ్చేవాళ్లతో కలిసి ఏడవమన్నాడు. మేనమామ శవం వాకిట్లో ఉంటే, అక్కడ డోలు మోగుతోందని ఊరవతలే నిలబడిపోయిన మేనల్లుడికి ఆ మాటలు ఎవరూ చదివి వినిపించలేదా?