విడిచిపెట్టే బలం

నేటి వాక్యభాగం: మత్తయి సువార్త 18:21–35

రాయపూర్ స్టేషన్‌లో విశాఖ వైపు నుంచి రైలు వచ్చి ఆగగానే ఎర్రచొక్కా కూలీలు పెట్టెలు నెత్తికెత్తుకుంటారు. ఎత్తేటప్పుడు అందరూ చూస్తారు. దించేటప్పుడు చూడండి. మోకాళ్లు కాస్త వంచి, మెడ నిలబెట్టి, రెండు చేతులతో బరువును మెల్లగా కిందికి తెస్తారు. చేతుల కండరాలు సాగుతూనే బరువును ఆపుతుంటాయి. దించడానికీ బలం కావాలి.

మన ఎముకలను కదిలించే కండరాలు 600కు పైగా ఉన్నాయి. ఒంటి బరువులో సుమారు 40 శాతం వాటిదే. ఇక్కడి టాటీబంధ్ ఎయిమ్స్‌లో చేరిన వైద్య విద్యార్థులు మొదట్లోనే వీటి పనితీరు చదువుకుంటారు. ప్రతి కండరంలోనూ పోగుల కట్టలు, ఆ పోగుల్లో మరింత సన్నని పోగులు, వాటిలో ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ తీగలు బారులు తీరి ఉంటాయి. నాడి నుంచి ఆజ్ఞ అందగానే పోగులో కాల్షియం విడుదలవుతుంది. అప్పుడు మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టి లాగుతాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. తీగలు ఇలా ఒకదాని పక్కన ఒకటి జారడం వల్లనే కండరం కుదించుకుంటుందని శాస్త్రవేత్తలు 1954లో వెల్లడించారు.

పట్టు వీడాలంటే ఏటీపీ అనే శక్తికణం వచ్చి మయోసిన్‌ను చేరాలి. అది అందకపోతే పట్టిన తల పట్టినట్టే ఉండిపోతుంది. ప్రాణం పోయిన కొన్ని గంటలకు దేహం కొయ్యబారడానికి కారణం ఇదే. ఆ ఏటీపీని కండరం ఎక్కువగా దాచుకోలేదు కూడా. ఉన్న నిల్వ కొన్ని క్షణాలకే సరి. తిన్న అన్నం నుంచి, పీల్చిన ఊపిరి నుంచి అది ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండాలి.

మనసు పట్టు వీడడమూ అంతే. ప్రభువు చెప్పిన ఉపమానంలో రాజు ఒక దాసునికి పదివేల తలాంతుల అప్పు మన్నించాడు. వాడు బయటికి రాగానే, నూరు దేనారముల బాకీ కోసం తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. అంత కనికరం పొందినా అది వాని గుండెలోకి దిగలేదు. అందుకే వేళ్లు సడలలేదు.

1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలుమార్గం ఎన్నో తెలుగు కుటుంబాలను ఈ ఊరికి దగ్గర చేసింది. ఊరు వదిలి వచ్చినా పొలం పంపకాల దగ్గర పుట్టిన పగను, పెళ్లిపందిట్లో పడిన మాటను మనలో ఎంతమంది ఇంకా బిగించి పట్టుకున్నాం! జరిగిన తప్పును ఒప్పు అనమని ప్రభువు అడగడు. గొంతు మీది చెయ్యి తియ్యమంటాడు. మన రోషంతో అది సాధ్యపడదు. నిన్న పొందిన కృప నేటికి చాలదు. ఈ ఉదయం ఆయన మనల్ని ఎంత మన్నించాడో తలచుకుంటే క్షమించే శక్తి ఈ ఉదయానికి దొరుకుతుంది. ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన పేతురుకు ప్రభువు లెక్కకు మించిన సంఖ్య చెప్పాడు. అన్నిసార్లూ మనకు కృప అందించేవాడు ఆయనే.

నేడు చేయవలసినది: ఎవరి పేరు వింటే మీ ముఖం ముడుచుకుంటుందో ఆ వ్యక్తి కోసం ప్రార్థించండి. వీలైతే ఈ రోజే ఫోన్ చేసి పలకరించండి.

ప్రార్థన: పరలోక తండ్రీ, నా అప్పంతా కొట్టివేసిన నీ కనికరాన్ని ఈ దినం నాకు గుర్తుచేయుము. నేను బిగించి పట్టుకున్నవారిని విడిచిపెట్టే బలం దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాను, ఆమేన్.