సక్రమక్రియలు - కాలత్రయము

ఆంగ్లవ్యాకరణమును చేతబట్టిన బాలుడు తొలుత వల్లెవేయునది సక్రమక్రియల పట్టిక. ధాతువు చివర ఒక చిన్న ప్రత్యయమును జేర్చినంతనే భూతకాలము సిద్ధించును. 'కుక్' అనగా వండుట, 'కుక్డ్' అనగా వండెను. వ్రాతలో ఆ ప్రత్యయము డకారాంతమే యైనను, ధాతువు చివరి కకారము పరుషమగుటచే పలుకునపుడు అది టకారమై 'కుక్ట్' అని వినబడును. ఈ నియమమునకు లొంగని క్రియలు ఇంచుమించు 200 మాత్రమే వాడుకలో మిగిలియున్నవి. క్రొత్తగా పుట్టు క్రియలు దాదాపుగా అన్నియు దీనినే అనుసరించుచున్నవి. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలులో 'హోల్పెన్' అను విలక్షణరూపముతో కానవచ్చు 'హెల్ప్' ధాతువు సైతము నేడు 'హెల్ప్డ్' అయి సక్రమక్రియల పంక్తిలో జేరినది. ఇంత తేలికయైన పట్టికలో తత్త్వవిచారమునకు తావెక్కడిదని తోచవచ్చును. కాని క్రియకు రూపములు చెప్పినవాడు కాలమునకు విభాగము చెప్పినవాడే; ఆ విభాగము కాలమునందే కలదా, లేక క్రియను జూచు మన బుద్ధియందు కలదా అను ప్రశ్నను ప్రాచీనులు తేలికగా విడిచిపెట్టలేదు.

న్యాయసూత్రములలో ఒక పూర్వపక్షి వర్తమానమే లేదని వాదించును. తొడిమ నుండి ఊడి పడుచున్న పండునకు దాటిన దారి కొంత, దాటవలసిన దారి కొంత కలదు గాని మూడవ దారి లేదు; కావున భూతభవిష్యత్తులు తప్ప వర్తమానమనునది పేరునకే గాని వస్తువునకు లేదని వాని తర్కము. మూలమధ్యమకకారిక రెండవ ప్రకరణమున నాగార్జునాచార్యుడు నడకను పరీక్షించుచు ఇట్టి తర్కమునే పరాకాష్ఠకు గొనిపోయెను. దీనికి నైయాయికులు చెప్పిన సమాధానము సూటియైనది: వర్తమానము లేనిచో, దాని నపేక్షించి చెప్పబడు తక్కిన రెండు కాలములును నిలువవు.

భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఇంకను ముందునకు సాగి మనలను వంటయింటికి గొనిపోవును. కుండను పొయ్యిపై కెత్తుట, ఎసరు పోయుట, బియ్యము వేయుట, కట్టెలు ఎగద్రోయుట, మంట రగిలించుట, గరిటెతో కలుపుట, గంజి వార్చుట, కుండ దించుట - ఇన్ని పనులు వేఱువేఱైనను ప్రయోజన మొక్కటియే యగుటచే అన్నియు గలిసి 'వండుచున్నాడు' అను ఒకే క్రియ అగుచున్నవి. ఎసరు పోయునపుడు బియ్యము ఇంకను చేటలోనే యున్నను వండుచున్నాడనుట అసత్యము కాదు. ఇట్లు వర్తమానమనునది సూదిమొనవంటి క్షణము గాక, ఒక ప్రయోజనముచే కూర్పబడిన పనుల వరుస యగుచున్నది. ఆంగ్లమున 'ఈజ్ కుకింగ్' అను రూపము చెప్పునది దీనినే. 'కుక్స్' అను రూపము వేఱు. అది చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున తద్ధర్మార్థకమనిన 'వండును' వంటిది. అర్ధరాత్రమున వంటవాడు గుఱ్ఱుపెట్టి నిద్రించుచున్నను, అతడు ఆ యింట వండును అనుటలో దోషము లేదు.

ఇక భూతభవిష్యత్తుల సంగతి. వర్తమానమున ప్రథమపురుష ఏకవచనమునకు మాత్రము సకారమును జేర్చి వేఱుచేయు ఆంగ్లము, భూతమున ఆ భేదమును గూడ విడిచి, నేను, నీవు, అతడు, వారు అను అందఱకును 'కుక్డ్' అను ఒకే రూపము నొసగును. భవిష్యత్తునకు ప్రత్యయమే లేదు. ఋణపడియుండుట అను పూర్వార్థము గల 'షల్', కోరుట అను పూర్వార్థము గల 'విల్' దానికి సాయము రావలెను. జాన్ వాలిస్ అను పండితుడు 1653లో లాటిన్ భాషలో రచించిన ఆంగ్లవ్యాకరణమున, ఉత్తమపురుషకు 'షల్', తక్కిన పురుషలకు 'విల్' రానున్నదానిని కేవలము సూచించుననియు, వానిని తాఱుమాఱు చేసినచో ప్రతిజ్ఞయో బెదిరింపో అగుననియు నియమము చేసెను. జరిగినదానికి ఒకే ముద్ర, జరుగనున్నదానికి ఋణమో కోరికయో ఆధారము.

ఐనను దీనిని బట్టి భవిష్యత్తు లేదని తీర్మానించుట తొందరపాటు. సంస్కృతమున 'పక్ష్యతి', 'పక్తా' అని భవిష్యత్తునకు రెండు రూపములు కలవు. రూపమును బట్టి వస్తువును నిర్ణయించినచో, ఒకరికి లేని రేపు మఱియొకరికి రెండు పాళ్లు ఉండవలసివచ్చును! భర్తృహరి వాక్యపదీయమునందలి కాలసముద్దేశమున ఈ చిక్కును విప్పెను. కాలము ఒక్కటియే యైన శక్తి. భూతము, భవిష్యత్తు, వర్తమానము అను భేదములు క్రియలనెడి ఉపాధులచే కలుగునవి. మహాభాష్యమున పతంజలియు, పర్వతములు నిలిచియున్నవి అనుటలో కాలభేద మెట్లని ప్రశ్నించి, వెనుకటి రాజుల, ఇప్పటి రాజుల, రాబోవు రాజుల క్రియలే ఆ నిలుకడకు కాలభేదము నిచ్చునని సమాధానపఱచెను. పర్వతము తానై నిన్న రేపుల నెఱుగదు. పనిచేయు మనుష్యుని వలననే అవి దానికి సంక్రమించినవి.

ఇంతవఱకు వచ్చిన పిమ్మట, కష్టము కలిగినపుడెల్ల కాలము చెడినదనియు, కలికాల మిట్లే యుండుననియు నిట్టూర్చు మన యలవాటు పరీక్షింపదగినది. కాలభేదములు క్రియను బట్టి వచ్చునవి, క్రియ కర్తను బట్టి వచ్చునది. అట్టిచో చెడినది క్రియయే గాని కాలము కాదు. చేసిన పని 'కుక్డ్' వలె ఎవ్వరికిని మార్పురానిది. చేయవలసినది మాత్రము మన ఋణమునందును సంకల్పమునందును ఉన్నది. కాలమును నిందించుట మాని కర్త తన క్రియను చక్కబెట్టుకొనుటయే ధర్మము.